పచ్చబడ్డ గుట్ట

"మేకల పని అనుకున్నాను. నువ్వా!" మేస్త్రీ కేక పెట్టాడు.

గనిలోంచి తెచ్చి పోసిన మట్టిగుట్ట అంచున, ఇళ్లున్న వైపు, ఆమె గడ్డిదుబ్బులు వేళ్లతో సహా పీకుతోంది. చంకలో పాప. ఆ గడ్డి విత్తనాలకు బ్యాక్టీరియా ముద్ద పట్టించి చల్లింది కూడా ఆమే.

"నువ్వు మొలిపించినవే కదమ్మాయ్! మతి గానీ పోయిందా?"

"గుట్ట బూడిదరంగులో ఉన్నన్నాళ్లూ అక్కడ బూచాడున్నాడంటే దీనికి హడలు, అన్నా. ఇప్పుడు పచ్చగా కనబడుతుంటే ఆగుతుందా? పొద్దున ఈ గడ్డే నములుతోంది. నోట్లో వేలు పెట్టి కక్కించాను."

మేస్త్రీ గొంతు తగ్గింది. "తినకూడదని ముందే చెప్పాం కదా."

"రెండేళ్ల పిల్లకి మీరే చెప్పండి. ఆ బ్యాక్టీరియా గనిమట్టిలో విషాన్ని తినేస్తుందనుకున్నాను నేను."

"అది గడ్డిని బతికిస్తుందంతే. గడ్డి దుమ్ము లేవకుండా చూస్తుంది. విషం మట్టిలోనే ఉంటుంది, గడ్డిలోకీ ఎక్కుతుంది."

"అయితే మనం కప్పింది దుప్పటన్నమాట. కంచె అయినా వేయించన్నా."

"అడిగాను. పచ్చబడ్డాక ఇంకా కంచెందుకన్నారు గనివాళ్లు."

ఆమె కసిగా ఇంకో దుబ్బు పీకింది. అంతలో గాలి తిరిగింది. పీకిన చోట దుమ్ము లేచి, నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. పాప ఉక్కిరిబిక్కిరై దగ్గింది.

ఆమె గబుక్కున కొంగు పాప ముఖానికి చుట్టింది. ఆ దుబ్బును మళ్లీ అదే గుంటలో పెట్టి, మట్టి లాగి, మడమతో అదిమింది.

కొంగు చాటునుంచి పాప చెయ్యి చాచింది, గడ్డి కావాలని.