చప్పుడు చాలదు

"ఇదీ చప్పుడు చాలదు," అంది భార్య.

కొట్టాయన స్విచ్ ఆపి ఆమె వంక చూశాడు. సింకు కింద బిగించే, వంటింటి చెత్తని నలిపేసే గ్రైండర్లు పన్నెండేళ్లుగా అమ్ముతున్నాడు. చప్పుడు తక్కువున్నది చూపించమనేవాళ్లే గాని, ఎక్కువున్నది కావాలన్నవాళ్లు ఇంతవరకు తగల్లేదు.

"కొత్త మోడలమ్మా. తిరుగుతుంటే పక్కనే నిలబడి గుసగుసలాడుకోవచ్చు."

"అందుకే వద్దు."

భర్తకి ఒళ్లు మండింది. అతనిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదుల ఫోన్లు ఎత్తాలి, తిట్లు తినాలి, క్షమాపణ చెప్పాలి. అతని గదికీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. పోయిన వారం పాత గ్రైండర్ కాలిపోయేదాకా, అవతలివాళ్లు "ఏమండీ, పిండిమరలో కూర్చున్నారా?" అని అడిగేవారు. మేనేజరు రెండుసార్లు మందలించాడు. మూడోసారి మందలింపు ఉండదన్నాడు.

"మూత పెడితేగాని తిరగని రకం ఉంటుందట కదా?" అని అడిగింది భార్య.

"ఉంటుందమ్మా. స్టాకు లేదు. తెప్పించాలంటే నెల పడుతుంది."

"నెల ఆగలేను. అయితే అన్నిటికన్నా చప్పుడెక్కువదే ఇవ్వండి."

కొట్టాయన భర్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఎవరికైనా వినపడదా సార్?"

"మా అమ్మవి పాము చెవులండీ. మలుపులో చెప్పుల చప్పుడు వింటే చాలు, వచ్చేదెవరో చెబుతుంది. ఆవిడ మీద కక్షతోనే ఈవిడ ఇది కొంటోంది."

"కక్షే అనుకోండి," అని భార్య కౌంటరు వైపు నడిచింది.

ఇంట్లో రెండు నెలలుగా ఇదే రభస. భార్య ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి స్టీలువి పెట్టింది. ఫ్రిజ్ తలుపుకి గంట కట్టింది. నడవలోని తివాచీని చుట్టి అటక మీద పడేసింది. ఎవరు నడిచినా గచ్చు మీద టపటపలే. వీటికి తోడు పొద్దున్నుంచి అరుపులు.

"అత్తయ్యా, ఎడమ పొయ్యి మీద నూనె కాగుతోంది, అటు రాకండి!"

"నా వంటింట్లో నన్ను రావద్దనడానికి నువ్వెవతివే?"

"కత్తి కుడి చేతి పక్కనే పెట్టాను. మళ్లీ నా కత్తేదని నా మీద పడకండి!"

"అంత అరుపెందుకు? నేనేం చెవిటిదాన్నా?"

దీనికంతటికీ తన నోటి దురుసే కారణమని అతనికి లోలోపల అనుమానం. రెండు నెలల కిందట కూర తరుగుతూ అమ్మ వేలు కోసుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కంగారులో అతను, "ఇంకోసారి చెయ్యి తెగిందంటే నిన్ను వంటింట్లో అడుగు పెట్టనివ్వను. అక్క దగ్గర దింపేస్తాను," అన్నాడు. అమ్మ కట్టు కట్టిన వేలు తడుముకుంది. తర్వాత, "పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తే నేనింకెందుకురా?" అంది. ఆ మర్నాడే గొడవలు మొదలయ్యాయి. సందు దొరికింది కదాని కోడలు పెత్తనం చేతికి తీసుకుందని అతను లెక్క కట్టాడు. అమ్మ చెయ్యి మాత్రం మళ్లీ తెగలేదు.

ఇంటికి వచ్చీ రాగానే చెప్పేశాడు.

"అమ్మా, బట్టలు సర్దుకో. సాయంత్రం అక్క దగ్గర దింపుతాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

అమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"ఏం కొన్నారు?"

"పిండిమర!"

"చప్పుడు గట్టిదేనా?"

"గట్టిదే. నీ నెత్తిన మోగాలనే కొంది నీ కోడలు."

"మోగనీ. దాని సంగతీ, గ్రైండర్ సంగతీ నేను చూసుకుంటా. నేను ఎక్కడికీ రాను."

"రాకపోతే ఎలా? మీ ఇద్దరి అరుపులతో నా ఉద్యోగం ఊడేలా ఉంది!"

"నీ అరుపుతో నా చెవులు ఊడేలా ఉన్నాయి. ముందు నువ్వు తగ్గించు."

అతను పళ్లు కొరుక్కున్నాడు. కోడలి కక్ష సంగతి చెబుతుంటే అమ్మ తననే పట్టుకుని దులిపేస్తోంది. వీళ్లిద్దరి మధ్యా తను అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

వంటింట్లో ఫిట్టరు సింకు కింద దూరి ఉన్నాడు. భార్య పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది. ఫిట్టరు తల బయటికి పెట్టి ఒక కార్డు చాచాడు.

"గ్యారంటీ కార్డు సార్. ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లు సంతకం పెట్టాలి."

ఇల్లు అమ్మ పేరున ఉంది. అతను కార్డు లాక్కుని వెళ్లబోయాడు.

"ఉండండి, నేను తీసుకెళ్తాను," అంది భార్య.

"ఎందుకు, అక్కడ ఇంకో తగువు పెట్టుకోడానికా? టార్చి పట్టుకో!"

వచ్చి కార్డు అమ్మ ముందు పడేశాడు. సరిగ్గా అప్పుడే ఫిట్టరు స్విచ్ వేశాడు. ఇల్లంతా హోరెత్తింది. అల్మరాలో గ్లాసులు గలగలలాడాయి.

"విన్నావా నీ కోడలి ఘనకార్యం?" అని అరిచి, పెన్ను అమ్మ చేతిలో పెట్టాడు. "సంతకం పెట్టు!"

"ఎక్కడా?" అమ్మా అరిచింది.

"ఎదురుగానే ఉందిగా! కింద గీత మీద!"

"కనపడుతోందిలే, నువ్వు చెప్పక్కర్లేదు!"

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపింది. కళ్లజోడు సర్దుకుని, వంగి, పేరు మొత్తం రాసింది. కింద ఒక గీత గీసి పెన్ను చాచింది.

హోరు ఆగింది. వంటింట్లోంచి టార్చితోనే పరుగెత్తుకొచ్చిన భార్య గుమ్మంలో నిలబడిపోయింది. అతను కార్డు కోసం చెయ్యి చాచాడు.

కార్డు మీద గీత ఖాళీగానే ఉంది. సంతకం దాని పక్కన, బల్ల చెక్క మీద ఉంది.