నిప్పు లేని ఉడుకు

"ష్... మాట్లాడొద్దే. ఉడుకుతాండాది."

రామదాసు గాజు జాడీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎన్నో దినాలుగా ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఇదే తంతు. అతని భార్య హేమావతికి ఒళ్ళు మండింది.

"ధర్మవరంలో మగ్గాలన్నీ ఆడతాండాయి. మన మగ్గంలో సాలీడు నేస్తాండాది. సిగ్గనేది ఉందా నీకు?"

"దాన్ని కూడా నెయ్యనీ పాపం."

గుంటమగ్గం మీద పెళ్ళి చీర ఒకటి రెండు మూరల దగ్గరే ఆగిపోయి ఉంది. మామిడిపిందె అంచు తీయడంలో రామదాసును మించినవాడు లేడని పేరు. అలాంటివాడి చీరలో ఆ ఏడు ఉగాదికి రెండు పిందెలు వంకరపోయాయి. పట్టుపోగులిచ్చి నేయించుకునే షావుకారు నలుగురిలో కసిరాడు. రామదాసు మగ్గంలోంచి లేచినవాడు మళ్ళీ కూర్చోలేదు. అలిగాడని వీధంతా అనుకుంది, హేమావతీ అదే అనుకుంది. ఎన్నాళ్ళు ఈ అలక! కొత్తల్లుడు కూడా అత్తారింట్లో మూడు నెలలు అలగడు.

దానికి తోడు ఈ వైను పిచ్చి. ఆమధ్య బావమరిది ఓబిలేష్ వెంట బెంగళూరు పోయి, అక్కడ ఎవరో రిటైరైన రైల్వే గార్డు ఇంట్లో నేర్చుకొచ్చాడు. మడకశిర నుంచి నల్లద్రాక్ష తెప్పించాడు. బుట్టెడు ద్రాక్షనూ ఒక్కొక్క పండూ వేళ్ళ మధ్య తిప్పి, వాసన చూసి ఏరాడు. పిసికి, చక్కెర వేసి మూత బిగించాడు. మూడోనాటికి జాడీలో గుడగుడమని మొదలైంది. వీధిలో వాళ్ళు వింతగా వచ్చి చూసిపోయారు. కింద పొయ్యి లేదు, పక్కన బొగ్గు లేదు, అది మాత్రం ఎసరులా తెర్లుతోంది!

"లోకంలో మొగోళ్ళు పేకాట పట్టుకుంటారు, కోడిపందెం పట్టుకుంటారు. నీకిదేం రోగమయ్యా?" అంది హేమావతి.

"నేసేటప్పుడు ప్రతి పోగూ నేనే చూసుకోవాల. ఈడ నేను చేసేదేమీ లేదే. చీకట్లో కూచోని అదే చేసుకుంటాండాది. నేను చెవి పెట్టి ఇంటాండా, అంతే." అతని గొంతు గుళ్ళో మాట్లాడుతున్నట్టుంది.

అంతలో ఓబిలేష్ వచ్చాడు. హేమావతి తమ్ముడు, అతనిదీ మగ్గం పనే.

"బావా, షావుకారు గెట్టిగా చెప్పినాడు. ఈ పొద్దు నువ్వు మగ్గంలో కూచోకపోతే రేపు పడుగు తీసకపోయి ఇంకొకరికి ఇస్తాడంట."

హేమావతి మొగుడి వైపు తిరిగింది. "వింటివా? పడుగు పోతే మనం తినేదేమి, మట్టా?"

రామదాసు జాడీ మీద చెయ్యి వేశాడు.

"ఈ పొద్దుకు నలభై దినాలు. తెరస్తా. ఇద్దరూ తాగి చూడండి. ఆ తర్వాత కూచోమంటే కూచుంటా."

"మాట తప్పవు కదా బావా?"

"తప్పను."

సన్నటి రబ్బరు పైపు జాడీలో ముంచి, ఒక పీల్పు పీల్చి, రెండో కొస గ్లాసులో పెట్టాడు. గ్లాసు నిండి, పొర్లి, పంచె తడిసేదాకా పైపు ఎత్తలేదు.

"సంబరంలో చూసుకోలేదే," అని నవ్వాడు.

హేమావతి అతని ముఖంలోకి ఒకసారి చూసి, గ్లాసు అందుకుంది. సారా అంగడి ముందు ముక్కు మూసుకుని నడిచే మనిషి ఆమె. పెదవి తడిపి వదిలేద్దామనుకుంది.

"అమ్మా!" అంది.

ముందు పులుపు, వెనకే తీపి, ఆ వెనక పేరు తెలియనిదేదో వెచ్చగా గొంతు దిగింది. ద్రాక్షే, కానీ దేశాలు తిరిగొచ్చిన ద్రాక్ష. ఎవరూ మంట పెట్టలేదు, ఎవరూ గరిటె తిప్పలేదు. మూసిన జాడీలో తనంతట తానే ఇంత పని చేసుకుందా! ఆమెకు ఒళ్ళు జలదరించింది. చేతులెత్తి మొక్కాలనిపించింది.

మిగిలింది ఓబిలేష్ తాగి, గ్లాసు నేల మీద పెట్టాడు.

"బావా, ఇది మనిషి చేసే పని కాదు. దేవుడే దిగొచ్చి చేసిపోయినాడు. అయినా మాట మాటే. లే, మగ్గంలో కూచో."

రామదాసు ముఖం వాడిపోయింది. గోడ పట్టుకుని లేచాడు. ఒక్కో అడుగే వేస్తూ మగ్గం వైపు నడిచాడు.

"ఆగయ్యా," అంది హేమావతి. ఎండ పడే వాకిట్లోకి పోయి చెయ్యి పైకెత్తింది. "ఇంత చేసి రంగు చూడకుండానే పోతాండావే. ఇదో, ఎండకు పట్టుకున్యా. చూడు, ఎట్లుండాది?"

ఓబిలేష్ నోరు తెరిచాడు. ఆమె రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

రామదాసు గొంతు వినిపించిన వైపు తిరిగాడు. ముఖం విచ్చుకుంది.

"అబ్బబ్బా! మన పెండ్లినాటి నీ చీర రంగు కదే! ఎండ పడి ఎట్ల మెరుస్తాండాది!"

ఓబిలేష్ గోడ వైపు తిరిగిపోయాడు. హేమావతి కళ్ళు నిండాయి, గొంతు మాత్రం తొణకనివ్వలేదు.

"ఓబిలేషూ, పడుగు ముట్టుకోవద్దని షావుకారుతో చెప్పు. రేపట్నుంచి మగ్గంలో నేను కూచుంటా. మీ బావ జాడీలు చూసుకుంటాడు."

"నువ్వా!" అన్నాడు రామదాసు.

"ఏం, ఇరవై ఏండ్లు నీ పక్కన కూచోని కండెలు చుట్టలేదా? నువ్వు నోటితో చెప్పు, నేను చేత్తో నేస్తా."

"ఇంతసేపూ తిడ్తాంటివి కదే. ఒక్క గుక్కకే ఇంత మారినావా?"

"మారినా," అంది హేమావతి.

ఎత్తిన ఆమె చేతిలో గ్లాసు లేదు.