కర్ర రెండో కొస

పడవ దిగుతుంటే ఎవరో విలిమైనా చేతిలో ఒక కర్ర కొస పెట్టారు.

"ఎవరది?"

జవాబు లేదు. రెండో కొస పట్టుకుని మెల్లగా ముందుకు నడిపించారు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఫిజీ రాజధాని సువా రేవులో ఒక మనిషి ఉంటాడని, ఆసుపత్రికి తీసుకెళ్తాడని ఊళ్ళో పాస్టరు భార్య చెప్పింది. ఆ మనిషే అయివుంటాడు.

"చెయ్యి పట్టుకుంటే నీ సొమ్మేం పోయిందయ్యా? నాకేమైనా అంటురోగమా?"

చిన్న దగ్గు వినిపించింది. మగవాడి దగ్గు.

"నా ఖర్మ! గుడ్డిదానికి మూగవాడు తోడు."

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఆయన ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాలలో వండిన చేప తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చేపలో ముళ్ళన్నీ ఏరేసి ఉన్నాయి. పెట్టేసి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

తీరా ఆపరేషను గది గుమ్మం దగ్గర విలిమైనా మొరాయించింది.

"కన్ను పీకేసి పంది కన్ను పెడతారట! నేను రాను."

నర్సు మరాయా పకపకా నవ్వింది.

"ఎవరు చెప్పారు అవ్వా? మసకబారిన లెన్సు తీసి కొత్తది పెడతారు, అంతే. నొప్పి తెలీకుండా మందేస్తారు. కదలకుండా పడుకో. దగ్గొచ్చేలా ఉంటే ముందే చెప్పు."

విలిమైనా వెనక్కి తిరిగి కర్ర లాగింది. రెండో కొస కదల్లేదు.

"ఓరి మొండోడా!" అంటూనే ఏడ్చేసింది. "నా బాధ నీకేం తెలుసు? నాకో తమ్ముడున్నాడు, సైరుసీ. చిన్నప్పుడు ఒట్టి వాగుడుకాయ. వాడికి మీసాలొచ్చేసరికి మా మధ్య మాటలు ఆగిపోయాయి. తర్వాత ఓడల్లో పనికి పోయాడు. మాట ఎలాగూ లేదు, కనీసం మొహమైనా చూడకుండానే పోతానేమో. వాడి కోసమే కదా ఈ కళ్ళు బాగుచేయించుకుందామని వచ్చింది!"

కర్ర సన్నగా వణికింది. ఈయన కూడా ముసలాయనే కాబోలు అనుకుంది.

కళ్ళు తుడుచుకుని, కర్ర వదిలి, నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఒక కంటికి కట్టు విప్పారు.

"అమ్మో, నువ్వింత చిన్నపిల్లవా! బుగ్గమీద పుట్టుమచ్చ కూడానూ!" అంది మరాయాతో. కిటికీ వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. "అదిగో ఓడ పోతోంది! పొగ కూడా కనిపిస్తోందే!"

ఓడ చుక్కంత అయ్యేదాకా చూసింది. తనివి తీరలేదు.

"నా మూగాయన్ని పిలు తల్లీ. పాపం, నోటికొచ్చినట్టు తిట్టాను."

"వెళ్ళిపోయాడు అవ్వా. కట్టు విప్పేదాకా ఉండమన్నాను. పనిచేసే ఓడ బయలుదేరుతోందట, ఆగదట."

"ఆగదని సైగ చేశాడా?"

"సైగేంటి? ఆయన మూగేంటి? రాత్రంతా నన్ను ప్రశ్నలతో చంపుకుతిన్నాడు. చుక్కలు ఎన్నిసార్లు వెయ్యాలి, కన్ను నలిపితే ఏమవుతుంది, వంగి బరువులు ఎత్తొచ్చా, కంట్లో నీళ్ళు పడితే ప్రమాదమా... అన్నీ నన్నే నీకు చెప్పమన్నాడు. 'నువ్వే ఆమెకు చెప్పొచ్చుగా తాతా' అన్నాను."

"ఏమన్నాడు?"

మరాయా మంచం పక్కనున్న కర్ర తీసి ఆమె చేతికిచ్చింది.

"'పెద్దయ్యాక అక్కతో మాట్లాడకూడదు కదమ్మా మనలో' అన్నాడు."