మూడో నియమం

అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపైంది. ముఖంలో మెచ్చుకోలూ లేదు, విసుగూ లేదు. తమ్ముడు మాత్రం కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

చూపులేనివాళ్లు కూడా వాడుకునేలా వెబ్‌సైట్లు ఉన్నాయో లేదో పరీక్షించే నియమాలను అతను తెలుగులోకి తెచ్చాడు. సాయంత్రం వాటిని విడుదల చేయాలి. అదీ, పుట్టుకతోనే చూపులేని అక్క సరేనంటేనే.

"భాష కష్టంగా ఉందా? ఇంగ్లీషు మాటలు కొన్ని తెలుగు అక్షరాల్లో కావాలనే ఉంచానక్కా. బటన్‌ని బటన్ అనక ఇంకేమంటారు?"

అక్క ఏదో కీ నొక్కి మళ్లీ మొదటికి వెళ్లింది.

"బాగాలేకపోతే మొహం మీదే చెప్పు! నిద్ర మానుకుని రాశాను. నీకెప్పుడూ నా పనంటే చులకనే."

అక్క హెడ్‌ఫోన్లు తీసి, అతన్ని దగ్గరికి లాగి, అతని చెవులకు తగిలించింది.

"వన్," అంది పేజీని చదివి వినిపించే కంప్యూటర్ గొంతు. నిశ్శబ్దం. "టూ." మళ్లీ నిశ్శబ్దం. "త్రీ."

"అంకెలు తప్ప ఒక్క ముక్క చదివితే ఒట్టురా," అంది అక్క. "నా కంప్యూటరే మొరాయించిందేమోనని ఇందాకట్నుంచీ దీంతో కుస్తీ పడుతున్నా."

అతను గబగబా మూడో నియమం తెరిచాడు. ఎంతో ముచ్చటపడి రాసుకున్న వాక్యం అది: 'పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో తప్పక చెప్పాలి. లేకపోతే దాన్ని చదివి వినిపించే గొంతు మూగబోతుంది.'

తన పేజీ కోడ్‌లో మొదటి వరుసన ఇంకా ఇంగ్లీషు అనే ఉంది. అన్నీ మార్చి ఆ ఒక్కటీ వదిలేశాడు, ఎవరికి కనిపిస్తుందిలే అని.