ఈ ధరకి ఇంతే

"నిన్న నీ దగ్గర కొన్నదే అన్నా. పన్నెండు దగ్గర గీత చూడు, పక్కకి వాలిపోయింది." టైలరమ్మ వాచీనీ భూతద్దాన్నీ కౌంటర్ మీద పెట్టింది.

షాపాయన నవ్వాడు. "భూతద్దం పెట్టి వెతికితే దేన్లో వంక దొరకదక్కా? ఈ ధరకి ఇంతే వస్తుంది."

ఆమెకి ఒళ్లు మండింది. వాచీల పిచ్చోళ్ల గ్రూపులో ఫొటో పెడితే వాళ్లూ ఇదే పాట. చవకది కొన్నావు, సర్దుకుపో అన్నారు.

"చవకది అడిగాను గానీ వంకరది అడిగానా?"

"టైము కరెక్టుగానే చూపిస్తోంది కదా! పట్టుకెళ్లక్కా."

ఆమె కదల్లేదు. అతని ఒంటి మీది చారల చొక్కా కుట్టింది ఆమే. గీచి గీచి బేరమాడి, సగం కూలికే కుట్టించుకున్నాడు. ఆమె భూతద్దం తీసి అతని జేబు మీద పెట్టింది.

"నువ్విచ్చిన కూలికి ఈ జేబు ఎలా అతికించినా సరిపోయేది. చూడు, చార ఎక్కడైనా తప్పిందేమో."

అతను తల వంచాడు. చొక్కా చారలు జేబు మీదుగా ఎక్కడా తెగకుండా సాగిపోయాయి. జేబు అంచు కోసం వేలితో తడుముకోవాల్సి వచ్చింది.

లోపలికెళ్లి నాలుగు కొత్త వాచీ పెట్టెలు తెచ్చాడు.

"ఆ భూతద్దం ఇలా ఇవ్వక్కా. ముందు నేను చూస్తా."