డెన్మార్క్ మొండితనం

డెన్మార్క్ వాళ్ళంత మొండివాళ్ళు భూమ్మీద లేరు. మా టెక్సస్ కంపెనీ కొంటున్న గాలిమరల్ని ఇరవయ్యో తారీఖులోపు ఓడెక్కించమని వారం నుంచి మెయిళ్ళు కొడుతున్నాను. ఇరవై ఐదు దాటాకే అంటారు. కారణం చెప్పరు. కింద మనిషి పేరైనా ఉండదు, ‘ఎక్స్‌పోర్ట్ టీమ్’ అని ఉంటుంది.

నేనేం తక్కువ తినలేదు. “ఇరవయ్యి దాటితే వేరే దేశం చూసుకుంటాం” అని రాసి, ‘పర్చేజ్ టీమ్’ అని సంతకం పెట్టి పంపేశాను.

నల్లగండ్లలోని మా ఫ్లాట్‌లో, పక్కగదిలో టింగుమంది.

“ఏవండీ!” అని అక్కణ్నించి అరిచింది మా ఆవిడ రసజ్ఞ. శుక్రవారాలు ఇద్దరికీ ఇంటినుంచే పని. ఆఫీసు కబుర్లు మాత్రం ఇంట్లో నిషేధం. ఆ నిషేధం పెట్టిన మనిషే ఇవాళ దాన్ని దాటింది.

“ఈ అమెరికా వాడెవడో నన్ను చంపుకు తింటున్నాడండీ! గాలిమరలు ఇరవయ్యిలోపే కావాలట. ఇరవై ఒకటిన మేం అరకు వెళ్తున్నాం, తిరిగొచ్చేదాకా ఆగు నాయనా అని వాడికెలా చెప్పను?”

నాకు నవ్వాగలేదు. అరకు వెళ్ళేలోపు ఈ పని వదిలించుకోవాలనే కదా, నేనూ ఇరవయ్యి ఇరవయ్యి అని ప్రాణం తీస్తున్నది!

నోరు నొక్కుకుని టైపు చేశాను. “మీ తేదీకే సమ్మతం. టెక్సస్‌కి ఏ తొందరా లేదు.”

మళ్ళీ టింగుమంది. రసజ్ఞ గంతులేస్తూ వచ్చి నా మెడ చుట్టేసింది.

“ఒప్పుకున్నాడండీ! ఎంత మంచివాడో! చెప్పకుండానే నా బాధ కనిపెట్టాడు. మీరూ ఉన్నారు, ఎందుకూ!”