మంగోలు దూత మొర

“మంగోలు వేషం కట్టాల్సినోడికి జ్వరమంట. నువ్వే వెయ్యాలంటున్నార్రా,” అన్నాడు ఆదిశేషు.

భీమరాజు చేతిలో సుత్తి ఆగిపోయింది. దుబాయ్‌లోని అల్ ఖూజ్ వర్క్‌షాపు పెరట్లో ప్లైవుడ్ కోట కట్టిందీ, దాని ముందు రాళ్ళు విసిరే యంత్రం నిలబెట్టిందీ అతనే. ఎవరో విదేశీయులు క్రూసేడర్లకూ మంగోలులకూ నడిచిన రాయబారాల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. కోటలో క్రూసేడరు దొర ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ కంపెనీ ముదీరే, అంటే మేనేజరే. ఆ లెబనాన్ మనిషి పిల్లికళ్ళు చూసి డైరెక్టరమ్మ మురిసిపోయింది.

“నాకా భాష రాదు కదా బాబాయ్?”

“ఎవడికొచ్చేంటి? తెలుగులో ఏదోటి వాగెయ్, తర్వాత డబ్బింగ్ చెప్పుకుంటారంట. ‘లొంగుతావా, చస్తావా’ అని ఇంగ్లీషులో నేను చెప్తాలే. దుబాసీ వేషం నాదే.”

నిజానికి ఆదిశేషుకు అది వేషమేం కాదు. ముదీర్‌కు తెలుగు రాదు, భీమరాజుకు ఇంగ్లీషు రాదు. మూడు నెలలుగా భీమరాజు సెలవు గురించి రాయబారం నడుపుతున్నది ఈ ఫోర్‌మన్ బాబాయే. వెళ్ళిన ప్రతిసారీ, “ఒప్పుకోలేదురా, ఆడిది గుండె కాదు, బండ. దిగులుపడకుండా కాస్త చేపల పులుసు పెట్టు,” అని ఓదార్చేవాడు. వాళ్ళిద్దరూ ఉండే గదిలో వంట చేతనైనవాడు భీమరాజొక్కడే.

వచ్చే శుక్రవారం పాపకు మొదటి పుట్టినరోజు. భీమరాజు ఇంతవరకూ బిడ్డను ఎత్తుకోలేదు.

“యాక్షన్!”

తోలు టోపీ పెట్టుకుని దూత కోట ముందు నిలబడ్డాడు. ఇనప చొక్కాలో ముదీర్‌ను చూసేసరికి భీమరాజుకు ఒళ్ళు మండిపోయింది.

“అయ్యా, మీకూ పిల్లలున్నారు కదండీ! నా కూతుర్ని ఫోన్లో తప్ప చూళ్ళేదండి. ముప్పై రోజులు సెలవడిగితే అంత కానివాణ్ణయిపోయానా? పంపండి బాబూ, మళ్ళీ వచ్చి మీ కోటలే కడతాను!”

ఆదిశేషు గబగబా అందుకుని, గోడలు కూల్చి లొంగిపొమ్మంటున్నాడని ఇంగ్లీషులో ఉరిమాడు.

“కట్! అద్భుతం!” డైరెక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

సౌండు చూసే అలేఖ్య కాకినాడ పిల్ల. హెడ్‌ఫోన్లు తీసి కళ్ళు తుడుచుకుంది. అది చూసి, అతనేమన్నాడని ముదీర్ ఆమెనడిగాడు. ఆదిశేషు అడ్డుపడేలోగా, అలేఖ్య పొల్లుపోకుండా చెప్పేసింది.

ఉద్యోగం ఖలాస్ అనుకుని భీమరాజు తల దించుకున్నాడు.

ముదీర్ తలమీది ఇనప టోపీ తీసి, అయోమయంగా ఏదో అన్నాడు. అలేఖ్య ఆ మాటను తెలుగులో చెప్పింది.

“మొదటిసారి అడిగినప్పుడే సెలవు కాగితం మీద సంతకం చేసి ఆదిశేషుకు ఇచ్చేశానే!”